కీలెరిగి కదిపిన బొమ్మలు

ఛోటా భీమ్ కార్టూన్‌లో కథ ఒకటి పదకొండు నిమిషాలు. మన టీవీ ప్రసారంలో సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఒక్క కథకు 16,500 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా ఎనిమిది వేల పైచిలుకు బొమ్మలు కావాలి. తెర మీద ఒక్కడే ఉంటే వచ్చే లెక్క ఇది. కథలు జరిగే ఢోలక్‌పూర్‌లో భీమ్ ఎప్పుడూ ఒక్కడే ఉండడు. పక్కన చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి ఉంటారు. ఎదురుగా కాలియా, వాడి వెనక ఢోలు, భోలు. ఇంతమందినీ ప్రతి ఫ్రేముకూ చేత్తో కొత్తగా గీయాలంటే, ఒకదాని వెంట ఒకటిగా కథలు అందించాల్సిన స్టూడియోకు ఊపిరి సలపదు. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో ఈ కార్టూన్ సృష్టికర్త రాజీవ్ చిలక ఇరవయ్యేళ్లకు పైగా చేసిన పనిని అర్థం చేసుకోవడానికి ఈ అంకె దగ్గర మొదలుపెట్టడం మంచిది. నా దృష్టిలో ఆయన వృత్తి జీవితం చాలా వరకు ఈ అంకెకు వెతికిన జవాబే. ఆ జవాబు ప్రతిసారీ బొమ్మ కీళ్ల దగ్గరే దొరికింది.

ఆ జవాబు తెలుగు నేలకు కొత్తది కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్లలో కోతలైన తర్వాతో, శివరాత్రి జాగారానికో తెర కట్టి ఆడిన తోలుబొమ్మలాట ఇదే లెక్కను మరో దారిలో పరిష్కరించింది. తోలుబొమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడతారు. వెలుతురు దూరేంత పల్చనయ్యాక దాని మీద రేఖలు గీస్తారు. నగలూ, బట్టల అంచులూ వచ్చే చోట్ల సన్నని ఉలితో చిల్లులు కొడతారు. తర్వాత రెండు వైపులా రంగు అద్దుతారు. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడి ముక్కలు. ఒక ముక్క అంచు మరో ముక్క మీదికి కొంచెం ఎక్కేలా అమర్చి, రెండింటికీ కలిపి చిల్లు పొడిచి, దారం దూర్చి ముడి వేస్తారు. ముడి మరీ బిగిస్తే చెయ్యి లేవదు. వదులైతే వేలాడిపోతుంది. బొమ్మకు నిలువునా ఒక బద్ద ఉంటుంది, చేతులకు వేరే చిన్న పుల్లలు ఉంటాయి. కాళ్లకు పుల్లలు ఉండవు. మొండెం కదిపితే అవి వాటంతట అవే ఊగుతాయి.

ఈ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఆటగాడికి ఉన్నవి రెండే చేతులు, బొమ్మకేమో కీళ్లు చాలా. ఏ కీలును తాను ఆడించాలో, ఏ కీలును బరువుకు వదిలేయాలో తేల్చుకోవడంలోనే అతని విద్య ఉంది. కోపంతో ఊగిపోతున్న భీముడి కాళ్లను ఎవరూ ఆడించడం లేదు. భుజం దగ్గర ఇచ్చిన ఒక్క విసురు నడుము గుండా కిందికి దిగి, కాళ్లకు చేరేసరికి ఆవేశంలా కనిపిస్తుంది. ఐరోపాలో లొట్టె రైనిగర్ ఇలాగే కీళ్లు కట్టిన నీడబొమ్మలను ఒక్కో ఫ్రేముకు కొద్దికొద్దిగా జరుపుతూ 1926లో ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ అనే పూర్తి నిడివి చిత్రం తీశారు. తోలు పోయి అట్ట వచ్చింది, పుల్ల పోయి కెమెరా వచ్చింది. కీలు మాత్రం అలాగే ఉంది.

రాజీవ్ చిలక ఈ పనిలోకి కంప్యూటర్ల దారిన వచ్చారు. అమెరికాలో కాన్సస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. తర్వాత దాన్ని వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదివారు. 2001లో హైదరాబాద్ తిరిగొచ్చి గ్రీన్ గోల్డ్ స్థాపించారు. మన స్టూడియోలు ఎక్కువగా విదేశీ కంపెనీలకు పని చేసిపెడుతున్న రోజులవి. కథ వాళ్లది, పాత్రలు వాళ్లవి, గీత గీసే చెయ్యి ఒక్కటే మనది. సొంత కథలు, సొంత పాత్రలు అంటూ మొదలుపెట్టడమే అప్పట్లో పెద్ద సాహసం. ‘బోంగో’ అనే సిరీస్‌తో మొదలై, విక్రమ్ బేతాళ్ మీదుగా, చిన్నికృష్ణుడి కథల వరుస దాటి, 2008లో పోగో చానల్లో ఛోటా భీమ్ దగ్గరికి ఆయన చేరారు. ఆ మధ్య సంవత్సరాలను నేను త్వరగా దాటేస్తున్నాను. చేతిపని నిలదొక్కుకున్నది ఛోటా భీమ్‌తోనే గనుక.

ఛోటా భీమ్ రెండు కొలతల డిజిటల్ బొమ్మ. సూటిగా చెప్పాలంటే కంప్యూటర్లో ముక్కలుగా కోసి కీళ్ల దగ్గర కలిపిన బొమ్మ. ఈ పనివాళ్లు దాన్ని రిగ్ అంటారు. పై చెయ్యి ఒక ముక్క, ముంజెయ్యి ఒక ముక్క, అరచెయ్యి మరో ముక్క. ప్రతి ముక్కకూ అది ఏ బిందువు చుట్టూ తిరగాలో నిర్ణయిస్తారు. ఆ బిందువే పివట్. పివట్ కొంచెం పక్కకు జరిగినా, చెయ్యి మడిచినప్పుడు మోచెయ్యి విరిగినట్టు పొడుచుకొస్తుంది. అందుకే మోచేతి దగ్గర కలిసే రెండు చివరలనూ ఒకే కొలత గుండ్రటి అంచులుగా గీస్తారు. గుండ్రం మీద గుండ్రం తిరిగితే ఏ కోణంలోనూ సందు కనపడదు. రెండు ముక్కలూ కలిసే చోట నల్లటి అంచుగీత అడ్డం పడుతుంది కాబట్టి, చర్మం రంగు చిన్న అతుకొకటి దాని మీద వేసి గీతను కప్పేస్తారు. ముక్కలకు వరస కూడా ఉంటుంది. భుజాన్ని తిప్పితే మోచెయ్యి, మణికట్టు, వేళ్లు దాని వెంటే కదులుతాయి. మణికట్టును తిప్పితే భుజం కదలదు.

తోలుబొమ్మ తల తిప్పలేదు. పక్కచూపు బొమ్మ ఎప్పటికీ పక్కచూపే. ముఖం మారాలంటే ఆటగాడు ఆ బొమ్మను దించి, అదే పాత్రకు చేసి ఉంచిన మరో బొమ్మను పెట్టెలోంచి తీస్తాడు. డిజిటల్ బొమ్మకు ఆ పెట్టె పేరు లైబ్రరీ. అందులో ఎదురు ముఖం, ముప్పావు ముఖం, పక్క ముఖం, వెనక తల ఉంటాయి. పిడికిలి, చాచిన అరచెయ్యి, చూపుడువేలు ఉంటాయి. రెప్ప మూసిన కన్ను, సగం మూసిన కన్ను ఉంటాయి. ఒకసారి బాగా గీసిన పరుగు వందోసారి కూడా పనికొస్తుంది. దీన్ని కొందరు తక్కువ చేసి మాట్లాడతారు. ప్రతి కథకూ కొత్తగా గీయకపోతే కళ ఎక్కడ అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. పెట్టెలో ఏం ఉండాలో ముందే ఊహించడం గీయడం కన్నా కష్టం. ఇంకా పుట్టని కథల్లో ఈ పిల్లాడు ఏయే పనులు చేస్తాడో ఊహించి కీళ్లు పెట్టాలి మరి.

ఆ ముందుచూపు పాత్రల రూపంలోనే కనిపిస్తుంది. ఎడమకు నడిచే బొమ్మను కుడికి నడిపించాలంటే అద్దంలో చూసినట్టు తిప్పేయడం తేలిక. కానీ బొమ్మకు ఒక భుజం మీద కండువా ఉందనుకోండి, తిప్పగానే అది రెండో భుజం మీదికి దూకుతుంది. భీమ్ ఒంటి మీద నారింజరంగు పంచె తప్ప భుజాన్ని కప్పే బట్ట లేదు. ఎటు తిప్పినా ఒకటే. ఢోలు, భోలు కవలలు. కథకు వాళ్లిద్దరూ కాలియా వెంట తిరిగే తోకలు. బొమ్మలు చేసే వాడి వైపు నుంచి చూస్తే, ఒక రిగ్ కట్టి రెండు పాత్రలు పొందే అందమైన ఉపాయం. చుట్కీ బుగ్గల మీది ఎర్రటి గుండ్రాలు చిన్న టీవీలో, దూరపు షాట్‌లో కూడా ఆ పిల్లను గుర్తుపట్టిస్తాయి. కాలియా భారీ ఒళ్లు, భీమ్ గుండ్రటి తల, రాజు చిట్టి ఆకారం పక్కపక్కన నిలబెట్టి నల్లగా నింపేసినా ఎవరు ఎవరో చెప్పేయొచ్చు. నీడతోనే పాత్రను చెప్పాలన్న తోలుబొమ్మ నియమం ఇక్కడ చెక్కుచెదరలేదు.

కీళ్లున్నంత మాత్రాన ప్రాణం రాదు. కంప్యూటర్‌కు మొదటి భంగిమ, చివరి భంగిమ ఇస్తే మధ్యలోవన్నీ అదే పూరిస్తుంది, సమానంగా పంచి. ఆ సమానమే ప్రమాదం. మనిషి చెయ్యి ఎప్పుడూ ఒకే వేగంతో లేవదు. భీమ్ లడ్డు తినే ఒక్క సెకను తీసుకుందాం. యానిమేటర్ చేతిలో 25 ఫ్రేములున్నాయి. వాటిని ఇలా పంచుకోవచ్చు. మొదటి నాలుగు ఫ్రేముల్లో చెయ్యి పైకి కాకుండా కొంచెం కిందికి దిగుతుంది. లేవబోయే ముందు ఒళ్లు చేసుకునే ఈ ఎత్తుగడ లేకపోతే చేతికి బరువే ఉండదు. తర్వాత ఐదు ఫ్రేముల్లో చెయ్యి వంపు తిరిగి నోటి దగ్గరికి వస్తుంది. ఇది తిన్నగా వెళ్లకూడదు. భుజం కేంద్రంగా తిరిగే ఏ చెయ్యైనా వంపులోనే పోతుంది. చెయ్యి చేరడానికి ముందే నోరు తెరుచుకుని, రెండు ఫ్రేములు అలా ఎదురుచూస్తుంది. ఆ రెండు ఫ్రేముల్లోనే ఆకలి ఉంది. తర్వాత నాలుగు ఫ్రేముల్లో బుగ్గ ఉబ్బి, ఉండాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ ఉబ్బి, వెనక్కి తగ్గి కుదురుకుంటుంది. మిగిలిన పది ఫ్రేములూ ఏమీ కదలదు. కళ్లు మూసుకుని ఉంటాడు. పిల్లలు నవ్వేది ఆ పది ఫ్రేముల దగ్గర. కదలిక లేని చోటును ధైర్యంగా వదిలేయడం యానిమేటర్‌కు ఆలస్యంగా అబ్బే విద్య.

లడ్డూకూ భీముడి ఇంటికీ తెలుగువాళ్ల మనసులో చుట్టరికం పాతదే. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడై కూర్చుంటే పెళ్లివారి లడ్డూలు వాటంతట అవే ఎగిరొచ్చి నోట్లో పడ్డాయి. మచిలీపట్నంలో పెరిగిన పింగళి నాగేంద్రరావు మాటలు రాశారు, కె.వి. రెడ్డి తీశారు. అంత పెద్ద ఒంట్లో పసిపిల్లాడి తిండియావను రంగారావు నిలిపారు. ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, అర్ధ శతాబ్దం తర్వాత ‘ఘటోత్కచ్’ అనే యానిమేషన్ చిత్రం తీశారు. అది విడుదలైంది 2008లో, ఛోటా భీమ్ పోగోలో మొదలైన ఏడాదే. కొడుకునూ, తండ్రి పేరున్న పిల్లాడినీ ఒకే సంవత్సరం ఇద్దరు తెలుగు దర్శకులు బొమ్మలుగా చేశారు. ఇద్దరిలోనూ బలమూ ఆకలీ ఒక్కటే అన్న పాత నమ్మకం ఉంది.

మాటల సంగతి వేరే ఉంది. పిల్లల కార్టూన్‌లో మాట ముందు, బొమ్మ తర్వాత. గొంతులు రికార్డు చేసి, స్టోరీబోర్డు బొమ్మలను ఆ శబ్దం మీద పేర్చి, నిడివి సరిచూసుకుని, అప్పుడు కదలిక మొదలుపెడతారు. నోటికి కొన్ని ఆకారాలు చేసి పెట్టుకుంటారు. ‘ఆ’కు తెరిచిన నోరు, ‘ఓ’కు గుండ్రటి నోరు, ‘మ’, ‘ప’, ‘బ’లకు మూసిన పెదవులు. ఈ కథే తెలుగులోకి వచ్చేటప్పుడు పెదవులు హిందీ మాటకు కుదిరి ఉంటాయి. తెర మీద పెదవులు కలిసిన చోట మన మాటలోనూ ‘మ’యో ‘బ’యో పడకపోతే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో చెప్పలేడు. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. వాక్యం అయిపోయాక కూడా నోరు కొంచెం తెరిచే ఉండాలి. డబ్బింగ్ మాటలు రాసేవాళ్లు అర్థంతో పాటు ఈ పెదవుల లెక్కనూ మోస్తారు. విజయవాడలో వేసవి సెలవుల్లో టీవీ ముందు కూర్చున్న పిల్లలకు భీమ్ తెలుగువాడే అనిపించిందంటే, వాళ్ల పనితనం అందులో చాలా ఉంది.

ఆ బరువునంతా దించేసిన పని ‘మైటీ లిటిల్ భీమ్’. 2019 ఏప్రిల్ 12న నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ఈ సిరీస్‌లో ఒక్కో కథా కొద్ది నిమిషాలే. భీమ్ ఇక్కడ ఇంకా పాకే పసివాడు. మాటలు లేవు. పసినోటి కూతలు, సంగీతం, చప్పుళ్లు, అంతే. 190కి పైగా దేశాల్లో తలుపులున్న వేదికకు డబ్బింగ్ అక్కర్లేని కథ ఇవ్వడం తెలివైన వ్యాపారమే. పనిగా చూస్తే మాత్రం ఇది అంతకన్నా పెద్ద సాహసం. ఇంతకాలం కథను లాక్కెళ్లిన మాట పోయింది, ఆ భారమంతా ఒంటి మీద పడింది. నా లెక్కలో చిలక పనిలో ఇదే శిఖరం. పూర్తి నిడివి సినిమాల కన్నా ఈ చిన్న చిత్రాల్లోనే ఆ చెయ్యి నిండుగా తెలుస్తుంది.

మాట లేని నటన కృష్ణా డెల్టాకు ఇంటి విద్య. మొవ్వ పక్కనున్న కూచిపూడిలో ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెయ్యి పోయిన చోటికి చూపు పోవాలన్నది నాట్యం నేర్చుకునేవాళ్లకు తొలి పాఠాల్లో ఒకటి. పసివాడి నటనలో ఈ వరస తిరగబడుతుంది. లడ్డు కనపడగానే ముందు కళ్లు తిరుగుతాయి. రెండు మూడు ఫ్రేముల తర్వాత తల తిరుగుతుంది. తల బరువుకు భుజాలు వస్తాయి. అన్నిటికన్నా చివర చెయ్యి లేస్తుంది. నర్తకికి చెయ్యే భాష కాబట్టి కన్ను దాని వెంట పోతుంది. పసివాడికి కోరిక కంట్లో పుడుతుంది, ఒళ్లు దాని వెంట ఈడ్చుకుంటూ వస్తుంది. ఈ ఆలస్యాలను సరిగ్గా పంచితే ‘నాకు కావాలి’ అన్న మాట ఎవరూ పలకనక్కర్లేదు.

పాకడం యానిమేటర్‌కు కఠిన పరీక్ష. పసివాడు సాధారణంగా కుడి చెయ్యీ ఎడమ మోకాలూ కలిపి వేస్తాడు, తర్వాత ఎడమ చెయ్యీ కుడి మోకాలూ. ఈ ఎదురెదురు జతల మధ్య నడుము అటూ ఇటూ ఊగుతుంది. పుట్టినప్పుడు తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యాక ఏడెనిమిదో వంతు. పసివాడి తల అంత బరువు. ముందుకు తూగుతూనే ఉంటుంది, ప్రతి అడుగూ పడబోయి ఆపుకున్నట్టే ఉంటుంది. ఒక చెయ్యి పైకెత్తాలంటే ముందు బరువునంతా రెండో చేతి మీదికి మార్చాలి, లేదా చతికిలబడాలి. ఈ బరువు మార్పు చూపించకుండా చెయ్యి లేపితే బొమ్మ గాలిలో తేలుతుంది. ఈ పసివాడికి ఏనుగంత బలం కూడా ఉంది కాబట్టి చిక్కు ఇంకా ముదురుతుంది. పెద్ద వస్తువును ఎత్తేస్తాడు, అదే సమయంలో తన తల తాను మొయ్యలేడు. ఈ రెండు బరువుల మధ్య పొంతన లేకపోవడమే ఆ కథల్లో నవ్వు పుట్టే చోటు. రెండో బరువు నిజంగా అనిపించకపోతే మొదటిది పండదు.

ఇక్కడ కీలు కూడా మారిపోయింది. మైటీ లిటిల్ భీమ్ మూడు కొలతల బొమ్మ. ముక్కలు లేవు, ముడులు లేవు. ఒళ్లంతా ఒకే తొడుగు, లోపల కనపడని ఎముకలు. తొడుగు మీది ప్రతి బిందువూ ఏ ఎముక మాట ఎంత వినాలో నిర్ణయిస్తారు. మోచేతికి కొంచెం పైనున్న చర్మం పైఎముక మాట ఎక్కువ వింటుంది, కింది ఎముక మాట తక్కువ వింటుంది. ఆ పంపకం తప్పితే మడిచినప్పుడు మోచెయ్యి లోపలికి నొక్కుకుపోయి సన్నబడుతుంది. పసివాడి చేతికి అది అసలు పనికిరాదు. అక్కడ ఉబ్బు ఉండాలి, మడత పడాలి. అందుకని మడిచిన స్థితికి వేరే ఆకారం చెక్కి పెట్టి, చెయ్యి మడత పడేకొద్దీ అది మెల్లగా వచ్చి కలిసేలా చేస్తారు. ముడి బిగువు సరిచూసుకునే తోలుబొమ్మల చేతికీ ఈ పంపకాలు సరిచూసుకునే చేతికీ ఉన్న జాగ్రత్త ఒకటే. కీలు కనపడకూడదు, దాని పని మాత్రం జరగాలి.

ఈ సిరీస్‌ను 2.7 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. దీపావళి, హోలీ, గాలిపటాల పండగల మీద ప్రత్యేక కథలు కూడా వచ్చాయి. ముగ్గూ, రంగూ, గాలిపటమూ చూసి అవి ఏమిటని అడిగే పరదేశపు పిల్లలకు ఎక్కడా వివరణ లేదు. పసివాడు వాటిని ముట్టుకుని, లాగి, నోట్లో పెట్టుకోబోయి తెలుసుకుంటాడు. చూసేవాళ్లూ అలాగే తెలుసుకుంటారు.

2012లో చిలక ‘ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్’ను యానిమేషన్ చిత్రంగా థియేటర్లకు తెచ్చారు. 2024లో అదే కథను అనుపమ్ ఖేర్ లాంటి నటులతో, నిజమైన పిల్లలతో మళ్లీ తీశారు. ఒకే దర్శకుడు ఒకే కథను బొమ్మలతోనూ మనుషులతోనూ చెప్పడం అరుదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పనిలో తేడా బాగా తెలుస్తుంది. నటుడు తన బరువును తనతో తెచ్చుకుంటాడు. కెమెరా ముందు ఆ పిల్లాడు నేల మీద నిలబడితే చాలు, నిలబడ్డాడని నమ్ముతాం. బొమ్మ విషయంలో నిలబడటాన్ని కూడా ఎవరో తయారుచేయాలి. 2012 చిత్రంలో భీమ్ దూకి నేలను తాకే ప్రతిచోటా మోకాళ్లు ఎంత వంగాలో, ఎన్ని ఫ్రేములకు లేవాలో ఒక యానిమేటర్ కూర్చుని లెక్క కట్టాడు. 2024 చిత్రంలో ఆ లెక్క భూమ్యాకర్షణ చూసుకుంది. నాకు మొదటిదే ఎక్కువ నచ్చింది.